సస్క్వెహన్నా నదిలో బాస్ అసలు పడట్లేదు, ల్యూర్ తప్పా నా తప్పా?

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. మేం ఉండేది అమెరికాలో, పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్‌లో, వచ్చి రెండేళ్లయింది. చిన్నప్పుడు మా ఊరి కాలవలో వెదురు కర్ర, జీలుగు బెండు, వానపాము, ఇంతే మన సామాను, అయినా సాయంత్రానికి జెల్లలో కొర్రపిల్లలో ఏవో ఒకటి ఇంటికొచ్చేవి. ఇక్కడ చూస్తే 5 వీకెండ్లు అయింది, లైసెన్స్ తీసుకున్నా, రాడ్ కొన్నా, ల్యూర్లు, అంటే ఉత్తుత్తి ఎరలు, ప్లాస్టిక్ కప్పలు, లాగితే మునిగి ఈదే క్రాంక్‌బెయిట్లు అన్నీ కలిపి నూట పాతిక డాలర్లు వదిలించుకున్నా, ఒక్క బాస్ చేప కూడా ముట్టుకోలేదు. యూట్యూబ్‌లో వాళ్ళు చూపించినట్టే గడ్డి దగ్గర కప్ప వేస్తున్నా, లోతుగా నిశ్చలంగా కనపడే చోటే వేస్తున్నా. క్రాంక్‌బెయిట్లు మాత్రం వేసిన ప్రతిసారీ రాళ్లలో ఇరుక్కుని తెగిపోతున్నాయి, ఇప్పటికి 8 పోయాయి. షాపులో కుర్రాడు 20 పౌండ్ల బరువు ఆపే లైన్ (దారం), బాగా గట్టి రాడ్ అంటగట్టాడు, అదేమైనా తేడానా? మా ఆవిడ అయితే "చేప పులుసు అన్నావు, చింతపండు నానబెట్టి నెల అయింది" అని ఒకటే ఎగతాళి. నేను వెళ్లేది ఫోర్ట్ హంటర్ వైపు. ఎవరైనా చెప్పండి.

బండరాయి_బాబాయ్:
తమ్ముడూ, ముందు ఒకటి తేల్చుకో. నువ్వు చూసే వీడియోలన్నీ లార్జ్‌మౌత్ బాస్‌వి, అది చెరువు చేప, గడ్డిలో నాచులో దాక్కుంటుంది, కప్ప దానికి. మన దగ్గర మెయిన్ రివర్‌లో ఎక్కువగా ఉండేది స్మాల్‌మౌత్. నోటి మూల కన్ను దాటి వెనక్కి వెళ్తే లార్జ్‌మౌత్, కంటి కిందే ఆగిపోతే స్మాల్‌మౌత్, ఒళ్ళు ఇత్తడి రంగులో ఉండి నిలువు చారలుంటాయి. దీనికి రాళ్ళు కావాలి, పారే నీళ్ళు కావాలి. నిశ్చలంగా ఉన్న చోట వెతకడమే నువ్వు చేసిన తప్పు, ల్యూర్‌ది కాదు.

నదిలో చేప ఎప్పుడూ కష్టపడకుండా కూర్చుని తిండి దగ్గరికి రావాలని చూస్తుంది, మన పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు వచ్చే దారిలో కూర్చునే పెద్దాయనలాగ. అందుకని జోరు నీరూ నిదానం నీరూ కలిసే గీత ఉంటుంది చూడు, పైన నురగ బారుగా పోతుంటుంది, ఆ గీతకి నిదానం వైపు ఉంటుంది బాస్. బండ వెనకాలే కాదు, బండ ముందు కూడా నీళ్ళు తగిలి చిన్న మెత్తటి దిండులా అవుతుంది, అక్కడ పెద్దవి ఉంటాయి. నువ్వు ఫోర్ట్ హంటర్ అన్నావు కాబట్టి పక్కనే రాక్‌విల్ బ్రిడ్జి ఉంది కదా, 1902 నాటి రాతి రైలు వంతెన, 48 కమానులు, ఒక్కో స్తంభం వెనకా ఒక సుడి. అన్నీ నీవే.

ఇంక వేయడం. అందరూ దిగువకి విసిరి ఏటికి ఎదురు లాక్కుంటారు, ఏటికి ఎదురీదే పిల్ల చేప ఎక్కడైనా అంత స్పీడ్‌గా పోతుందా? నువ్వు ఏటవాలుగా ఎగువకి వెయ్యి, గడియారంలో 10 గంటల వైపు అనుకో, నీళ్ళే దాన్ని దొర్లించుకుంటూ తెస్తాయి, నువ్వు వదులైన దారం మాత్రం చుట్టుకుంటూ ఉండు. అడుగున రాళ్ళకి టిక్... టిక్... అని తగులుతుంటే బరువు సరిపోయింది. అసలు తగలకపోతే తేలిక, ప్రతిసారీ ఇరుక్కుంటే బరువెక్కువ. కాటు అంటే కాలవలో బెండు మునిగినట్టు గుంజుడు ఉంటుందనుకోకు, చాలాసార్లు ఆ టిక్ టిక్ ఆగిపోతుంది అంతే, లేకపోతే దారం పక్కకి జరుగుతుంది. అప్పుడు చుట్టి రాడ్ పక్కకి లాగు.

ల్యూర్ అంటావా, రెండే చాలు. నెడ్ రిగ్, అంటే పుట్టగొడుగు తలకాయ జిగ్‌కి (బరువు తల ఉన్న గాలం) రెండుముప్పావు అంగుళాల మెత్తటి పుల్లలాంటి ప్లాస్టిక్, 1/10 ఔన్స్‌తో మొదలుపెట్టు. రెండోది 3.5 అంగుళాల ట్యూబ్, మెత్తటి ప్లాస్టిక్ గొట్టం లాంటిది, గ్రీన్ పంప్‌కిన్ రంగు. ట్యూబ్‌కి జిగ్‌ని బయట గుచ్చకు, తోక వైపు బోలుగా ఉంటుంది కదా, అందులోంచి జిగ్ తలని లోపలికి తోసి, ముక్కు దాకా వచ్చాక దారం కట్టే కన్ను మాత్రం చర్మం చీల్చుకుని బయటికి వచ్చేలా నొక్కు. అది అడుగున దొర్లుతుంటే అచ్చం క్రేఫిష్, అదే మన మంచినీటి రొయ్యకి పీత డెక్కలు పెట్టినట్టుండే జీవి, నది నిండా అదే, బాస్‌కి అదంటే ప్రాణం. ఆ 20 పౌండ్ల లైన్ తీసి పక్కన పెట్టు, తేలిక ల్యూర్ దాంతో దూరం పోదు, అడుగు తెలీదు. 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర 5, 6 అడుగులు 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనపడని దారం), 7 అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్. కప్పలు మా అబ్బాయికిచ్చెయ్, చెరువులో వాడతాడు, ఊరికే అన్నాలే.

కరీంనగర్_కాస్టర్:
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ గా నెడ్ రిగ్ తోని నిద్రొస్తది నాకైతే. అన్నా నువ్వు జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా పొద్దుగాల ఎండ రాకముందు పో, లేకుంటే పొద్దు గూకినంక. వాపర్ ప్లాపర్ 90 సైజ్‌ది కట్టు, గది నీళ్ళ మీద తేలే ల్యూర్, మోకాలు లోతు నీళ్ళల్ల, గడ్డి మడులు ఉంటయి గదా, వాటి అంచుకి వేసి ఒకటే స్పీడ్‌ల చుట్టుకుంట రా, ఆగొద్దు. బుడబుడబుడ అని పోతుంటే ఎన్కనుంచి బాంబు వడ్డట్టు కొడ్తది. కొట్టంగనే గుంజకు, నేను మొదట్ల అన్ని గట్లనే పోగొట్టుకున్న, రాడ్ బరువు తెలిసినంకనే గుంజాలె. ఒకటే సంగతి, జులై ఆఖరు, ఆగస్టుల సాయంత్రం తెల్ల పురుగులు లేస్తయి, మన కాడ తొలకరికి ఉసిళ్ళు లేసినట్టే, బ్రిడ్జి లైట్ల కింద కుప్పలు కుప్పలు. గప్పుడు బాస్‌లు గవే తింటయి, నీ ప్లాపర్ దిక్కు చూడనన్న చూడవు. గా రోజు చిన్న తెల్ల ల్యూర్ ఏదన్న వేసుకో, లేకుంటే ఊకె కూసొని చూడు, అది గూడ మంచిగనే ఉంటది.

నీటిమట్టం:
పులుసు మాట ఎవరూ ఎత్తలేదేంటండీ! గోదారి గట్టు గారూ, ఆవిడకి ఇప్పుడే చెప్పేయండి, సన్‌బరీ నుంచి కింద హోల్ట్‌వుడ్ డ్యామ్ దాకా సస్క్వెహన్నాలో పట్టిన బాస్‌ని ఇంటికి తీసుకెళ్ళకూడదు, పట్టగానే వదిలేయాలి. 2005లో పిల్ల బాస్‌లు జబ్బు చేసి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి, ఆ తర్వాత కొన్నేళ్ళకి వచ్చిన రూల్ ఇది. వసంతంలో గుడ్లు పెట్టే టైంలో రూల్స్ ఏంటో స్టేట్ ఫిష్ అండ్ బోట్ కమిషన్ బుక్‌లెట్‌లో చూసుకోండి. పులుసే కావాలంటే ఫ్లాట్‌హెడ్ క్యాట్‌ఫిష్ పట్టండి, అది బయటినుంచి వచ్చి ఈ నదిని ఆక్రమించుకున్న రకం, తీసుకెళ్తే ఎవరూ బాధపడరు. అయితే నదుల్లో పట్టిన చేప వారానికి ఒక్క పూటకి మించి తినొద్దని స్టేట్ వాళ్ళే చెప్తారు.

ఇంకోటి, నీళ్ళలో దిగేముందు ఫోన్‌లో హ్యారిస్‌బర్గ్ గేజ్, అంటే అక్కడ నది నీటిమట్టం, చూడండి. 4 అడుగుల లోపు ఉంటేనే నేను దిగుతా, 5 దాటితే ఆ రోజు ఇంట్లో బట్టలు మడతపెట్టుకుంటా. పైన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీళ్ళు పెరుగుతాయి. కయాక్ మీద సిటీ ఐలాండ్ దాటి కిందికి మాత్రం వెళ్ళకండి, డాక్ స్ట్రీట్ డ్యామ్ ఎత్తు తక్కువ, పైనుంచి వచ్చేవాళ్ళకి కనపడను కూడా కనపడదు, కింద నీళ్ళు తిరగబడి మనిషిని పట్టేసి వదలవు, చాలామంది పోయారు అక్కడ. మా వారు ఒకసారి మామూలు స్పోర్ట్స్ షూస్‌తో దిగి నాచు రాయి మీద జారి నడుం పట్టేసి రెండు వారాలు మంచమే. అడుగున మేకులున్న వేడింగ్ షూస్ కొనండి, ల్యూర్లు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

గోదారి_గట్టు:
బాబాయ్!! పడింది. శనివారం పొద్దున్నే గేజ్ 3.7 చూసుకుని వెళ్ళా, రాక్‌విల్ మూడో స్తంభం వెనకాల. మొదటి గంట 2 నెడ్ హెడ్లు పోయాయి, 1/15కి మార్చాక టిక్ టిక్ దొరికింది. ఒకసారి ఆగింది, రాయి అనుకున్నా, మీరన్నది గుర్తొచ్చి లాగాను, రాయి కదిలింది. నీళ్ళలోంచి రెండుసార్లు ఎగిరింది, చేతులు వణికాయి నిజంగా. 12 అంగుళాలు ఉంటుందేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వదిలేశా. ఆ తర్వాత ఇంకోటి వచ్చింది గానీ కాళ్ళ దగ్గరికొచ్చి తప్పించుకుంది. సాయంత్రం ప్లాపర్ కూడా ట్రై చేశా, ఏమీ లేదు, కరీంనగర్ అన్నా సారీ. ఒక డౌట్, అక్టోబర్ తర్వాత కూడా ఇదేనా?

కరీంనగర్_కాస్టర్:
సారీ ఎందుకే, నువ్వు సాయంత్రం ఎన్ని గంటలకు పోయినవ్? 5కి పోతే ఏం కొడ్తది, ఎండ ఉంటది. 8కి పో.

బండరాయి_బాబాయ్:
శభాష్. అక్టోబర్‌లో ఇవే పనిచేస్తాయి, వీటికి తోడు జర్క్‌బెయిట్ (సన్నటి చిన్న చేపలాంటి ల్యూర్) ఒకటి కలుపుకో, లాగి ఆపు, లాగి ఆపు. నీళ్ళు 50 ఫారన్‌హీట్ కిందికి పోయాక మాత్రం అవి జోరు నీళ్ళు వదిలేసి లోతు మడుగుల్లోకి దిగిపోతాయి, అప్పుడు నువ్వు మొదట్లో వేసిన ఆ నిశ్చలం చోట్లకే వెళ్ళు, ట్యూబ్ అడుగున పెట్టి దాదాపు కదపకుండా. కాళ్ళ దగ్గర తప్పించుకున్నది రాడ్ పైకెత్తడం వల్ల అయ్యుంటుంది, ఎత్తితే అది ఎగిరి గాలం విదిలించుకుంటుంది, దగ్గరికి వచ్చేటప్పుడు రాడ్ చివర నీళ్ళ మట్టానికి దించి ఉంచు.