సమస్యాపూరణం: ‘కొత్త వైపరు వేయగ కూడె మసక’

నిర్వాహకుడు: ఈసారి సమస్య తేటగీతి పాదం. ఖరీదైన స్పోర్ట్స్ కూపేకి (సాధారణంగా రెండు తలుపుల కారు) వైపర్ బ్లేడ్లు మార్చడం విషయం. కొత్తవి వేస్తే అద్దం తేటపడాలి కదా, మసక ఎందుకు కమ్మింది? కారణం పద్యంలో చెప్పండి. యతి, గణాలతో పాటు మీరు చెప్పిన కారణం నిజంగా జరిగేదేనా అని కూడా చూస్తాను. వానలో వేగంగా పోయే బండికి చూపే ప్రాణం కాబట్టి ఆ పట్టింపు అవసరం.

మొదటి పూరణ

పొడవు సరిపోయె, వంపేమొ పొసగలేదు;
వాలుటద్దపు వంకకు పట్టదాయె;
మధ్య తుడిచెను, కొన లేచి మరక నిలిచె;
కొత్త వైపరు వేయగ కూడె మసక.

నిర్వాహకుడు: అమ్మా, అసలు కారణాన్నే పట్టుకున్నారు, అభినందనలు. చాలామంది పొడవు కొలిచి కొనేస్తారు. ఫ్రేమ్ లేని బ్లేడులో ఉక్కు పట్టీని ముందే వంచి పెడతారు. బ్లేడును పట్టి ఊపే ఆర్మ్ నొక్కినప్పుడు ఆ వంపు అద్దం మీద విచ్చుకుని, ఒత్తిడి ఈ కొన నుంచి ఆ కొనదాకా సమంగా పరుచుకుంటుంది. కూపే అద్దం బాగా వాలి, పక్కలకు గుండ్రంగా తిరిగి ఉంటుంది. అన్ని కార్లకూ పనికొస్తుందని అమ్మే బ్లేడు అక్కడ మధ్యలో అంటుకుని కొనల్లో తేలిపోవచ్చు. బిగించాక కళ్లు అద్దానికి దగ్గరగా పెట్టి చూడండి, రబ్బరు కొన కింద సన్నటి వెలుగు గీత కనబడితే ఆ బ్లేడు ఆ కారుది కాదు.

అయితే రెండో పాదం మొదటి పాదాన్నే మళ్లీ చెబుతోంది. అక్కడ కొత్త సంగతి చెబితే బాగుంటుంది.

మరో సభ్యుడు: గురువుగారూ, అక్కడ గాలి ప్రస్తావన తెస్తే? ‘వేగమందిన గాలికి పెల్లగిల్లె’. స్పోర్ట్స్ కారు అన్నందుకు న్యాయం జరుగుతుంది.

నిర్వాహకుడు: చాలా బాగుంది. వే–పె యతి కూడా సరిపోయింది. బ్లేడు వీపున స్పాయిలర్, అంటే గాలిని మళ్లించే రెక్క, ఉండేది అందుకే. ఎదురుగాలి దాన్ని అద్దానికేసి నొక్కుతుంది. నిదానంగా వెళ్లేటప్పుడు శుభ్రంగా తుడిచి, వేగం పెరగగానే మసక వదిలే బ్లేడుకు సాధారణంగా ఉండే జబ్బు ఈ లేవడమే.

రెండో పూరణ

అద్దమున మైనపుంబూత యట్లె యుండ
కడుగకుండగ బిగియించి వెడలినాడు;
రబ్బరంచులు గరగర రాసుకొనియె;
కొత్త వైపరు వేయగ కూడె మసక.

ఒక సభ్యురాలు: రెండో పాదంలో యతి తప్పినట్టుంది. క–వె కుదరవు కదా?

నిర్వాహకుడు: అది ప్రాసయతి అమ్మా. ‘కడు–వెడ’లో రెండో అక్షరం డకారమే, ముందున్నవి రెండూ లఘువులే. తేటగీతికి చెల్లుతుంది. ‘గరగర’ చెవికి బాగా వినిపించింది. బ్లేడు ఒక్కో ఊపుకీ రబ్బరు పెదవి వెనక్కి వాలి జారాలి. మైనం, పాత పూతలు ఉంటే అది పట్టుకుంటూ వదులుతూ దూకుతుంది. దుకాణానికి పరుగెత్తి మరో జత కొనేముందు అద్దాన్ని బాగా శుభ్రం చేయడం మేలు.

పూరణకర్త: ధన్యవాదాలు గురువుగారూ. మా కూపేలో ఆర్మ్‌లు బానెట్ అంచు కింద దాక్కుని ఉంటాయి. కడగడానికి పైకి ఎత్తబోతే తగులుతున్నాయి.

నిర్వాహకుడు: బలవంతంగా ఎత్తకండి, రంగు గీసుకుపోతుంది. ఇలాంటి చాలా కార్లలో వైపర్లను అద్దం మధ్యకు తెచ్చి ఆపే సర్వీస్ పొజిషన్ ఉంటుంది. ఎలా పెట్టాలో కారు పుస్తకంలో ఉంటుంది. బ్లేడు ఊడదీశాక ఉత్త ఆర్మ్ జారి అద్దం మీద పడితే పగిలిపోవచ్చు. మడత గుడ్డ ఒకటి కింద పరిచి పని మొదలుపెట్టండి.

మూడో పూరణ

ఎడమ దానిని కుడిచేతి కిచ్చినాడు;
పెద్ద దొకచోట, చిన్నది వేరుచోట;
చూపు నిలిపెడి నడిమధ్య చుక్క మిగిలె;
కొత్త వైపరు వేయగ కూడె మసక.

నిర్వాహకుడు: ‘కుడిచేతి కిచ్చినాడు’ చమత్కారంగా ఉంది. మూడో పాదంలో విషయదోషం ఉంది. సాధారణంగా డ్రైవర్ వైపు బ్లేడే పొడుగ్గా ఉంటుంది. రెండూ తారుమారైతే డ్రైవర్ ముందు పైభాగం తుడవకుండా మిగులుతుంది, పొడుగుది రెండోదానికో అద్దం అంచున నిలువుగా ఉండే పిల్లర్‌కో కొట్టుకోవచ్చు. నడిమధ్యలో చుక్క మిగలడానికి ఇది కారణం కాదు. ‘చూపు నిలిపెడి పైవంక చుక్క మిగిలె’ అంటే సరిపోతుంది.

మరో సభ్యుడు: మెర్సిడెస్ సి124 కూపేకి ఆర్మ్ ఒక్కటే. దానికి ఎడమ, కుడి గొడవే లేదు.

నిర్వాహకుడు: నిజమే. అందుకే మోడల్, తయారైన సంవత్సరం, స్టీరింగ్ ఏ వైపు ఉందో చూసి కొనాలి. కొక్కెం, పిన్ను, పక్క నొక్కులు అంటూ తగిలించే పద్ధతులు కూడా వేర్వేరు.

నాలుగో పూరణ

అట్టపెట్టెలో రబ్బరు కద్దినట్టి
సన్న తొడుగొక టుండగ చాటుగాను
ముసుగు తీయక బిగియించి ముందుకేగె;
కొత్త వైపరు వేయగ కూడె మసక.

నిర్వాహకుడు: ఈసారి నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. కొన్ని బ్లేడ్లకు రబ్బరు అంచు నలగకుండా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాన్ని తీయకపోతే ఎంత మంచి బ్లేడైనా తుడవదు. యతులు నాలుగూ నిక్కంగా ఉన్నాయి.

పూరణకర్త: ధన్యుణ్ణి. 2012 మెర్సిడెస్ ఎస్‌ఎల్‌లో నీళ్లు బ్లేడులోంచే చిమ్ముతాయి కదా. దాని మీద ఇంకో పూరణ పంపవచ్చా?

నిర్వాహకుడు: తప్పక పంపండి. ఆ బ్లేడుకు ఆర్మ్ దగ్గర నీటి దారి కూడా కలవాలి. మామూలు బ్లేడు తగిలిస్తే ఆ నీళ్లు అద్దానికి చేరవు. ఆ సంగతి పద్యంలో ఎక్కడైనా రావాలి.