పేమెంట్ మోడ్ చెక్ ఎక్స్‌ఎస్‌డీలో రాయలేమా? రిలాక్స్ ఎన్‌జీకి మారాలా?

బ్యాక్‌లాగ్_బాబు: మా ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో పేమెంట్ ఎలిమెంట్‌కి (ట్యాగ్‌కి) మోడ్ అనే యాట్రిబ్యూట్ (ట్యాగ్‌లోనే రాసే విలువ) ఉంది. అది కార్డ్ అయితే లోపల కార్డ్ నంబర్ తప్పనిసరి, క్యాష్ అయితే అసలు ఉండకూడదు. ఫైల్ సరిగ్గా ఉందో లేదో చెక్ చేసే రూల్స్ (స్కీమా) ఎక్స్‌ఎస్‌డీ 1.0లో రాస్తున్నాం, అందులో ఇది ఎలా రాసినా కుదరట్లేదు. రిలాక్స్ ఎన్‌జీ అనే ఇంకో స్కీమా భాషలో అవుతుందట, నిజమేనా?

చెట్టు_వ్యాకరణం: నిజమే. ఎక్స్‌ఎస్‌డీ 1.0లో ఒకే ఎలిమెంట్ లోపల ఒకే పేరుకి రెండు టైపులు ఇవ్వనివ్వరు. రిలాక్స్ ఎన్‌జీకి ఆ కట్టడి లేదు, పైగా యాట్రిబ్యూట్ కూడా ప్యాటర్న్‌లో (ఫైల్ ఎలా ఉండాలో చెప్పే నమూనాలో) భాగమే. కార్డ్‌కి ఒక ముక్క, క్యాష్‌కి ఒక ముక్క రాసి మధ్యలో 'లేదా' అని అర్థమొచ్చే నిలువు గీత పెట్టండి, అంతే. దీని వెనక ఉన్నది ట్రీ ఆటోమేటా సిద్ధాంతం, అంటే చెట్టులా కొమ్మలేసే డేటా నియమాలకు సరిపోతుందో లేదో తేల్చే గణితం. జేమ్స్ క్లార్క్ చేసిన ట్రెక్స్, మురాతా మకోతో చేసిన రిలాక్స్ అనే రెండు స్కీమా భాషలు కలిసి 2001లో రిలాక్స్ ఎన్‌జీ అయింది, 2003లో ఐఎస్ఓ ప్రమాణమైంది. రెండు స్కీమాలను 'లేదా' అని కలిపినా వచ్చేది స్కీమానే. ఎక్స్‌ఎస్‌డీలో ఆ హామీ లేదు.

జార్_ఫైల్: ఎలిమెంట్ ఏ టైపో ఫైల్‌లోనే చెప్పే ఎక్స్‌ఎస్‌ఐ టైప్ యాట్రిబ్యూట్‌ని మరిచారా సార్?

చెట్టు_వ్యాకరణం: అది ఫైల్ పంపేవాళ్లు పెట్టాలి. ఇక్కడ వాళ్లు పంపేది మోడ్.

జార్_ఫైల్: అయినా 2012లో వచ్చిన ఎక్స్‌ఎస్‌డీ 1.1లో ఇదంతా ఉంది.

నైట్_షిఫ్ట్: మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో 1.1 సపోర్ట్ లేదు. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 లైబ్రరీలోనూ లేదు 😀

జార్_ఫైల్: మా పాత ఆఫీసులో ఒకాయన ఇలాగే సిద్ధాంతం చెప్పి రిలాక్స్ ఎన్‌జీ పెట్టి, తర్వాత మానేసి వెళ్లిపోయాడు. ఒక ఫీల్డ్ రెండు ప్యాటర్న్‌లకీ సరిపోయేది. నంబరా, స్ట్రింగా ఎవరికీ తెలీదు. ఆ సంక్రాంతి నాకు సర్వర్ ముందే గడిచింది.

చెట్టు_వ్యాకరణం: మీ పండగ పోయిందని వ్యాకరణాన్ని తిడతారేంటి? రెండిటికీ సరిపోతే డాక్యుమెంట్ ఒప్పే. తప్పా ఒప్పా తేల్చడమే స్కీమా పని.

జార్_ఫైల్: అక్కడే తేడా! ఒప్పని చెప్తే నాకేం ఒరిగింది? ఏ విలువ ఏ టైపో చెప్పాలి, దాన్నిబట్టి జావా క్లాసులు (ప్రోగ్రామ్‌లో డేటా పట్టే అచ్చులు) పుట్టాలి. ఎక్స్‌ఎస్‌డీ అది చేస్తుంది.

చెట్టు_వ్యాకరణం: అందుకే దాన్ని అంత ఇరుకు చేశారు. మీ క్లాసుల కోసం నా డాక్యుమెంట్ ఎందుకు వంగాలి?

జార్_ఫైల్: జీతాలిచ్చేది ఆ క్లాసులే కాబట్టి.

నైట్_షిఫ్ట్: బాబూ, కార్డ్‌పేమెంట్, క్యాష్‌పేమెంట్ అని రెండు ఎలిమెంట్లు పెట్టేయ్. పేర్లు వేరైతే 1.0 చాలు.

బ్యాక్‌లాగ్_బాబు: ఫార్మాట్ క్లయింట్‌ది అన్నా, ముట్టుకోనివ్వరు.

నైట్_షిఫ్ట్: అయితే ఎక్స్‌ఎస్‌డీ ఉంచి, ఈ ఒక్క రూల్‌ని పక్కన స్కీమట్రాన్‌లో (ఇలాంటి షరతులు విడిగా రాసే భాషలో) రాయి. వాళ్లిద్దరూ తేలేలోపు నీ రిలీజ్ అయిపోతుంది.