డిశ్చార్జ్ చూసుకుంటే చాలా, కిట్ కొనాల్సిందేనా?

ఉప్పల్_పిల్ల:
అక్కలూ, పెళ్లయి రెండేళ్లు, అప్పట్నుంచీ పిల్లల కోసమే చూస్తున్నాం. నా సైకిల్ ఒక నెల 27 రోజులు, ఒక నెల 35. ఫోన్‌లో యాప్ మాత్రం ప్రతిసారీ అండం 14వ రోజే విడుదలవుతది అంటది. ఎల్‌హెచ్ కిట్లు (అండం విడుదలకి ముందు పెరిగే హార్మోన్‌ని మూత్రంలో చూపించేవి) కొని కొని విసుగొచ్చింది. మా పిన్ని అవన్నీ ఎందుకే, డిశ్చార్జ్ తెల్లసొనలా సాగుతూ కనపడ్డ రోజులు చూసుకో చాలు అంటోంది. నమ్మొచ్చా?

సైనిక్‌పురి_సుధ:
నిక్షేపంగా నమ్మొచ్చు. పీరియడ్ అయినాక కొన్ని రోజులు పొడిగా ఉంటది, తర్వాత జిగటగా తెల్లగా వస్తది, ఈస్ట్రోజన్ హార్మోన్ పెరిగేకొద్దీ పల్చబడి చివరికి రెండు వేళ్ల మధ్య లాగితే తెగకుండా తీగలా సాగుతది. అండం విడుదలైనాక ప్రొజెస్టరాన్ వల్ల మళ్లీ చిక్కబడుతది లేదా ఎండిపోతది. ఆ పల్చటి దాంట్లో వీర్యకణాలు అయిదు రోజుల దాకా బతుకుతయి, అండం మాత్రం 12 నుంచి 24 గంటలే, అందుకే ముందు రోజులే ముఖ్యం. 1950ల్లో మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్ అనే డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు అయిదు దేశాల్లో చూశారు, మన బెంగళూరు కూడా ఉంది, నూటికి 93 మంది మొదటి నెలలోనే గుర్తుపట్టారు. 35 రోజుల సైకిల్‌లో అండం 21వ రోజు దగ్గర రావచ్చు, 14 పట్టుకుని కూర్చుంటే అంతే సంగతులు.

బోరబండ_భాయ్:
అన్నం తింటూ ఓపెన్ చేసిన. తప్పయింది.

నిజాంపేట్_నీలు:
సుధగారూ, మీకు అన్నీ సవ్యంగా ఉన్నాయి కాబట్టి ఈ మాట. నాకు పీసీఓడీ, అండాలు సరిగ్గా విడుదల కావు. సాగేది వస్తుంది, ఆగిపోతుంది, పది రోజులకి మళ్లీ వస్తుంది, అండం మాత్రం ఉండదు. అండం పెరుగుదలని స్కాన్‌లో చూసే ఫాలిక్యులర్ స్టడీ చేస్తే గానీ తెలియలేదు. అయినా అది కనపడిన రోజే అండం వస్తుందని ఎవరు చెప్పారండీ?

సైనిక్‌పురి_సుధ:
నేను చెప్పలే! పైన మళ్లీ చదవండి. ఈ పద్ధతిలో అండం దగ్గరపడిందని లెక్కేసే రోజుని పీక్ డే అంటరు, అది ఎక్కువ వచ్చిన రోజు కాదు, జారుడుగా ఉన్న చివరి రోజు. అండం ఆ చుట్టుపక్కల వస్తది. పీసీఓడీ ఉంటే ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువే ఉండొచ్చు, కిట్ కూడా ఊరికే పాజిటివ్ చూపిస్తది, దాన్నేమంటారు మరి?

నిజాంపేట్_నీలు:
చివరి రోజని మర్నాడు ఎండిపోయాక కదా తెలిసేది. మర్నాడు తెలిసి ఏం లాభం? కిట్ అయితే ఒకటిన్నర రోజు ముందే చెప్తుంది.

సైనిక్‌పురి_సుధ:
జారుడు మొదలైన రోజు నుంచే కలవమంటున్న కదా, చివరి రోజు దాకా ఎవరు ఆగమన్నరు?

ల్యాబ్_బాబు:
అండం విడుదల కోసం ఇచ్చే క్లోమిఫిన్ మందు వాడేవాళ్లకి కొందరికి అసలు సాగేదే రాదు, ఎండిపోతుంది. దానికోసం ఎదురుచూస్తే నెల పోయినట్టే. దురద, వాసన, ఆకుపచ్చ రంగు ఉంటే మాత్రం అది ఇన్ఫెక్షన్, డాక్టర్‌కి చూపించుకోండి.

మెహదీపట్నం_మేడం:
పిల్లలు వద్దనుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇలా రోజులు చూసుకునే పద్ధతుల్లో ఏడాదికి నూటికి 2 నుంచి 23 మందికి గర్భం వస్తుంది, ఏ పద్ధతి, ఎంత జాగ్రత్తగా పాటించారన్న దాన్నిబట్టి.

నిజాంపేట్_నీలు:
అదీ, 23!

సైనిక్‌పురి_సుధ:
ఆమె పిల్లలు కావాలంటుంది, మీరు 23 అంటరు. చూసుకోవడం చేతగాక పద్ధతిని తిడితే ఎట్లా?

నిజాంపేట్_నీలు:
చేతగాకా? బాగుంది. పొద్దున్నే నేను బాత్రూం నుంచి రాకముందే మా అత్తగారు తలుపు బయట నిలబడి "ఇవాళ ఎలా ఉందమ్మా" అని అడిగేవారు. చార్ట్ తెచ్చి ఫ్రిజ్ మీద అంటించారు, మామగారు మంచినీళ్ల సీసా తీసుకునే చోట. చార్ట్ నాది, థర్మామీటర్ నాది, స్కాన్ నాది. ఈయన్ని టెస్ట్‌కి వీర్యం శాంపిల్ ఇవ్వమంటే మగాడినే అనుమానిస్తారా అని కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆఖరికి ఇస్తే కౌంట్ తక్కువ. అప్పటిదాకా తప్పంతా నా డిశ్చార్జ్‌దే.

బోరబండ_భాయ్:
🙏

సైనిక్‌పురి_సుధ:
అది మీ ఇంట్లోవాళ్ల తప్పు, దీనిది కాదు. నాకు ఇంటర్‌లో ఇది వస్తుంటే మా అమ్మ తెల్లబట్ట రోగం అని ఏవేవో చూర్ణాలు మింగించింది, ఒక డాక్టరమ్మ చూడకుండానే యాంటీబయాటిక్స్ రాసింది. ఇది మామూలే అని ఒక్కరు చెప్పలే. నా ఒంట్లో ఏం జరుగుతుందో నాకు తెలియడానికి ప్రతి నెలా స్కానింగ్ సెంటర్ ముందు టోకెన్ పట్టుకుని కూర్చోవాలా?

నిజాంపేట్_నీలు:
మీకు తెలియడం వేరండీ, ఇంటిల్లిపాదీ లెక్క అడగడం వేరు. ఈ పిల్లకి కూడా పిన్నే కదా చెప్పింది. ఆమె భర్త సంగతి ఇక్కడ ఒక్కరైనా అడిగారా?

ల్యాబ్_బాబు:
ఉప్పల్ చెల్లీ, ఏడాది దాటితే ఇద్దరూ చూపించుకోవాలి, 35 దాటిన వాళ్లయితే ఆరు నెలలకే. మీకు రెండేళ్లు. సెమెన్ అనాలిసిస్‌కి (వీర్య పరీక్ష) ముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా గ్యాప్ ఉండాలి. ఇంటి నుంచి తెస్తే గంటలోపు ల్యాబ్‌కి చేరాలి, డబ్బా చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి. ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చినవాళ్లని చూశా. ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్ లెక్కేసుకుని బయల్దేరమనండి.

ఉప్పల్_పిల్ల:
అడిగా అన్నా. ఆదివారం చూద్దాంలే అన్నాడు.

మెహదీపట్నం_మేడం:
ఏ ఆదివారమో కూడా అడుగు తల్లీ.

సైనిక్‌పురి_సుధ:
టెస్ట్ చేయించు, నేను కాదన్ననా. పీక్ డే మాత్రం చివరి రోజే.

నిజాంపేట్_నీలు:
మర్నాడు తెలిసే చివరి రోజు.