జేఆర్‌ఎఫ్ వచ్చింది: క్యాటలిసిస్ గైడా, ఓఎల్‌ఈడీ గైడా?

కావలి_కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కావలిలోనే అయింది. పీహెచ్‌డీకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ వచ్చింది. ఇద్దరు గైడ్‌లు రమ్మంటున్నారు. ఒకరిది పల్లాడియం క్యాటలిసిస్ (ఆ లోహంతో రియాక్షన్లు నడిపించడం), ఇంకొకరిది ఓఎల్‌ఈడీ మెటీరియల్స్ (ఫోన్, టీవీ తెరల్లో కరెంటుతో వెలిగే ఆర్గానిక్ పదార్థాలు). దేంట్లో ఉద్యోగాలున్నాయి? తర్వాత పోస్ట్‌డాక్‌కి జపాన్ మేలా, జర్మనీనా? నాన్నేమో "ఫార్మాలో చేరిపోరా, చెల్లెలి పెళ్లుంది" అంటున్నాడు.

సిలికా_సుబ్బయ్య:
టాపిక్ సంగతి తర్వాత. కాగితం మీద నెలకు 37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. మా దగ్గర అది నెలల తరబడి ఆగితే మా నాయన వడ్లమ్మిన డబ్బుతో మెస్ బిల్లు కట్టా. గైడ్ చేతిలో ప్రాజెక్టు ఉందో లేదో కనుక్కో ముందు.

దర్గామిట్ట_డాక్టర్:
తమ్ముడూ, ఈ రెండూ వేరనుకోవద్దు. ఓఎల్‌ఈడీ మాలిక్యూల్‌లో కార్బజోల్ ముక్కను, ఫినైల్ ముక్కను కలిపేది ఏంటి? పల్లాడియంతో చేసే సుజుకి, బుక్వాల్డ్ కప్లింగులేగా. 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది పల్లాడియం పనికే. నేను క్యాటలిసిస్‌లో పీహెచ్‌డీ చేసి కొరియాలో ఓఎల్‌ఈడీ పోస్ట్‌డాక్ చేశా. మంచి కాలమ్ వేసి శుద్ధి చేసి, మాలిక్యూల్ నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ టెస్టు శుభ్రంగా వస్తే చాలు, మిగతాదంతా డివైస్ వాళ్ల తలనొప్పి.

గ్లవ్‌బాక్స్_గోపి:
ఎన్‌ఎంఆర్ శుభ్రంగా వస్తే చాలా?! మీలాంటి వాళ్లిచ్చిన శాంపిళ్లతోనే సార్ మా డివైస్‌లు చచ్చేది. పీపీఎంలలో మిగిలిన పల్లాడియం ఎన్‌ఎంఆర్‌లో కనపడుతుందా? బ్రోమిన్ కాస్త మిగిలినా లైఫ్‌టైమ్ పడిపోతుంది. సబ్లిమేషన్ (వ్యాక్యూమ్‌లో వేడిచేసి ఆవిరిగా లేపి, మళ్లీ గడ్డకట్టించడం) చేయాల్సిందే.

దర్గామిట్ట_డాక్టర్:
పాలిమర్‌ను కూడా సబ్లిమేషన్ చేస్తావా నాయనా? ఆవిరి కాదు, మాడిపోతుంది. మేం థయాల్ సిలికాతో పల్లాడియం లాగేసేవాళ్లం. నువ్వు స్కూల్లో ఉన్నప్పటి నుంచి చేస్తున్నా ఈ పని.

గ్లవ్‌బాక్స్_గోపి:
వయసుతో శుద్ధి కాదు సార్. పాలిమర్ గురించి ఇక్కడ ఎవరడిగారు? ఒక్కసారి సబ్లిమేషన్ ట్యూబ్ దగ్గర నిలబడండి. వ్యాక్యూమ్‌లో నిదానంగా వేడి పెంచుతుంటే మధ్యలో గాజు గోడకు పసుపు స్ఫటికాలు పడతాయి, చల్లటి కొసన జిగురుగా ఏదో చేరుతుంది, శాంపిల్ పెట్టిన పడవలాంటి గిన్నెలో నల్లటి మడ్డి మిగులుతుంది. ఆ మడ్డంతా మీ "మంచి కాలమ్" దాటి వచ్చిందే.

కందుకూరు_అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి. బాబూ, క్యాటలిసిస్‌లో చేరితే టెట్రాకిస్ (పల్లాడియం క్యాటలిస్ట్) డబ్బా మూత తీసి చూసుకో. పచ్చటి పసుపులో ఉండాలి. మా ల్యాబ్‌లో సీనియర్లు మూత సరిగా పెట్టక గోధుమ రంగుకి తిరిగిన డబ్బాను నా చేతిలో పెట్టారు. రియాక్షన్ వేస్తే ఫ్లాస్క్ అడుగున నల్లపొడి, ప్రొడక్ట్ సున్నా. "అమ్మాయికి చేతకాదు" అని నా మీదికి తోశారు. కొత్త డబ్బా వచ్చిన రోజే అదే రియాక్షన్ తొంభై శాతం పైన వచ్చింది. ఇక పెళ్లి సంగతంటావా, మా అత్తగారికి నేను ఇంకా "చదువుకుంటున్నా".

టంగుటూరు_టైట్రేషన్:
పల్లాడియం ధర చూశారా ఎవరైనా? 2022లో ఔన్సు 3,000 డాలర్లు దాటింది. అందుకే నికెల్, రాగి మీద పడ్డారు అందరూ. లిస్ట్, మాక్‌మిలన్ అయితే లోహమే లేకుండా, చిన్న ఆర్గానిక్ మాలిక్యూల్స్‌నే క్యాటలిస్టులుగా వాడి 2021 నోబెల్ కొట్టారు.

దర్గామిట్ట_డాక్టర్:
లిస్ట్ వాడిన ఆ ప్రోలీన్ అమైనో ఆమ్లంతో ఓఎల్‌ఈడీ చెయ్ చూద్దాం.

నీలం_నిపుణుడు:
ఓఎల్‌ఈడీలో అసలు సమస్య నీలం రంగు. డివైస్‌లో కరెంటుతో పుట్టే ఎక్సైటాన్లలో (వెలుగుగా మారాల్సిన శక్తి మూటలు) సింగ్లెట్లు అనే రకం 25 శాతం, ట్రిప్లెట్లు అనే రకం 75 శాతం. మామూలు ఫ్లోరసెన్స్‌లో ఆ 75 దాదాపు వృథా. ఇరిడియం లోహమున్న మాలిక్యూల్స్ వాటినీ వెలుగుగా మార్చాయి. ఆకుపచ్చ, ఎరుపు బానే కుదిరాయి, నీలమే ఎక్కువకాలం నిలవట్లేదు. 2012లో జపాన్‌లోని క్యుషు యూనివర్సిటీలో అడాచి బృందం ఇరిడియం లేకుండానే టీఏడీఎఫ్ అనే పద్ధతితో ట్రిప్లెట్లను సింగ్లెట్లుగా వెనక్కి తిప్పింది. ఓఎల్‌ఈడీ అయితే జపాన్ వెళ్లు. ఈ సబ్జెక్టులో నాకు తెలిసినంత ఇక్కడ ఇంకెవరికీ తెలిసినట్టు లేదు.

సిలికా_సుబ్బయ్య:
దండం సామీ. జపాన్‌లో మన చేపల పులుసు దొరకదు, అదీ రాయి.

టంగుటూరు_టైట్రేషన్:
ప్యానెళ్లు తయారయ్యేది ఎక్కువగా కొరియా, చైనాల్లో. ఇక్కడే ఉద్యోగం కావాలంటే క్యాటలిసిస్సే. కప్లింగ్ వచ్చినోడిని ఫార్మాలో ప్రాసెస్ ఆర్ అండ్ డీకి తీసుకుంటారు, మీ నాన్న మాట కూడా దక్కుతుంది.

కందుకూరు_అక్క:
గోపీ, సబ్లిమేషన్ ట్యూబ్ ఎక్కడ చేయించారు? మా పిల్లలకు కావాలి, నెల్లూరులో గాజు ఊదేవాళ్లు కనపడలేదు.

గ్లవ్‌బాక్స్_గోపి:
చెన్నైలో అక్కా. కొలతలు గీసి పంపితే చేసిస్తారు. జాయింట్ సైజు మాత్రం మీ పంపు చూసుకుని రాయండి. డాక్టర్ గారికీ ఒకటి చేయించనా?