డబ్బు కట్టేస్తే కేసు కొట్టేయడం అందరికీ ఉందా?

ఉద్దానం అబ్బాయి (పలాస)

అందరికీ నమస్కారం. మనసులో ఉడికిపోతున్న మాట ఒకటి అడుగుతాను.

స్టెర్లింగ్ బయోటెక్ కంపెనీ సందేసరా సోదరులది. బ్యాంకులను 5,000 కోట్లకు పైగా ముంచారని 2017లో సీబీఐ కేసు పెట్టింది. వాళ్ళు దేశం దాటేశారు. 2020లో కోర్టు వాళ్ళను పరారీలో ఉన్న ఆర్థిక నేరగాళ్ళుగా ప్రకటించింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఏమందంటే, 5,100 కోట్లు జమ చేస్తే వాళ్ళ మీదున్న క్రిమినల్ కేసులన్నీ కొట్టేస్తామని.

ఇక మా చిన్నాన్న సంగతి. ఆయనది జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే చిన్న యూనిట్. 2018 ఎండాకాలంలో పిక్కలు కొనడానికి ఒక ఫైనాన్స్ ఆయన దగ్గర నాలుగు లక్షలు తెచ్చారు. హామీగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇచ్చారు. అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. రేకులు లేచిపోయాయి, బస్తాలన్నీ తడిసి పిక్క నల్లబడిపోయింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వడ్డీ కట్టారు. ఇక వల్ల కాక ఆపేస్తే, ఆ ఫైనాన్స్ ఆయన చెక్కు మీద తొమ్మిది లక్షలు రాసుకుని బ్యాంకులో వేశాడు. చెక్కు తిరిగొచ్చింది, కేసు పడింది.

కేసు తేలకముందే మధ్యంతర పరిహారమని చెక్కు మొత్తంలో 20 శాతం, అంటే లక్షా ఎనభై వేలు కట్టమని ఆర్డరొచ్చింది. పిన్ని పుస్తెలతాడు తాకట్టులోకి వెళ్ళింది. ఒక వాయిదాకు జ్వరంతో వెళ్ళలేకపోతే వారంటు. సాయంత్రం పూట కానిస్టేబుల్ ఇంటికొచ్చి, వీధంతా చూస్తుండగా ఆయన్ని బండెక్కించుకుని తీసుకెళ్ళాడు. మా చిన్నాన్న మోసం చేశాడని ఆ ఫైనాన్స్ ఆయన కూడా అనలేదు. డబ్బు ఇవ్వలేదన్నాడు, అంతే.

మోసం చేసినవాళ్ళకు దొరికిన దారి మోసం చెయ్యనివాడికి ఎందుకు లేదు? నాకు తెలియాల్సింది ఇదొక్కటే.

రిటైర్డ్ ఫీల్డాఫీసరు (బొబ్బిలి)

తమ్ముడూ, మీ చిన్నాన్నకు జరిగింది వింటే బాధేసింది. కానీ రెండు వేరు వేరు విషయాలను కలిపేస్తున్నావు. అప్పు కట్టలేదని బ్యాంకు ఎవరినీ జైల్లో వేయించదు. తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని ముట్టుకోలేదు. మిగతా ఆస్తికైనా ముందు అరవై రోజుల నోటీసివ్వాలి. లోక్ అదాలత్‌లో మా బ్యాంకు వడ్డీ వదిలేసి అసలుతో సెటిల్ చేసుకున్న ఖాతాలు బోలెడు. రాజీ చిన్నవాళ్ళకూ ఉంది.

ఇంకో మాట. చిన్నవాళ్ళందరూ అమాయకులని అనుకోకు. గిల్టు నగలు తాకట్టు పెట్టినవాళ్ళనీ, నకిలీ పాస్‌పుస్తకంతో పంట రుణం తీసుకున్నవాళ్ళనీ చూశాను. దాని వల్ల సస్పెండైంది నగల విలువ కట్టే అప్రైజరూ, మా తోటి ఆఫీసరూ.

ఇక సందేసరాల సంగతి. వాళ్ళు దేశంలో లేరు. విజయ్ మాల్యా 2016 మార్చిలో వెళ్ళాడు. లండన్ కోర్టుల్లో ఏళ్ళ తరబడి కేసు నడిపినా మనిషి రాలేదు. మనిషి ఎలాగూ దొరకనప్పుడు డబ్బైనా వస్తే డిపాజిటర్‌కు మంచిదే కదా? జైల్లో పెట్టి అన్నం పెట్టడం కంటే 5,100 కోట్లు బ్యాంకులకు రావడం మేలని నేను గట్టిగా అనుకుంటాను.

విజయనగరం వకీలు

ఫీల్డాఫీసరు గారూ, మీరన్నట్టు చెక్కు కేసులోనూ రాజీ ఉంది. చట్టంలోనే ఉంది. తేడా ఉన్నది రాజీలో కాదు, ఎవరు ఏం రుజువు చెయ్యాలన్న దగ్గర. ఈ సంగతి బయట చాలామందికి తెలీదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద చెక్కు బౌన్సయితే రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా. సంతకం నీదేనని తేలితే చాలు, ఆ చెక్కు బాకీ తీర్చడానికే ఇచ్చావని 139 సెక్షన్ కింద కోర్టు అనుకోవాలి. కాదని చూపించుకోవాల్సింది నువ్వే. సంతకం పెట్టి ఖాళీ చెక్కు ఇచ్చినా ఇదే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. పలాస జీడి యూనిట్ ఆయన కేసు మొదలయ్యేటప్పటికే సగం ఓడిపోయి ఉంటాడు.

పెద్దవాళ్ళ దగ్గరికి వద్దాం. కాగితం మీద చూస్తే చట్టం వాళ్ళకే కఠినం. కంపెనీల చట్టం 447 సెక్షన్ కింద పెద్ద మోసానికి ఆరు నెలల నుంచి పదేళ్ళ దాకా జైలు, బెయిల్ దొరకడం కూడా కష్టం. కానీ అక్కడ మోసం చేయాలన్న ఉద్దేశాన్ని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యాలి. దానికి డబ్బు ఎటు పోయిందో తవ్వి తీసే ఫోరెన్సిక్ ఆడిట్, లక్షల పేజీల ఛార్జిషీటు, విదేశాల నుంచి రావాల్సిన పత్రాలు. ప్రభుత్వ బ్యాంకు అధికారుల పేరుంటే వాళ్ళ మీద విచారణకు అనుమతి వేరే తేవాలి. ఈ లోపు ఒక్కో దశలోనూ పై కోర్టుకు వెళ్ళే స్తోమత వాళ్ళకుంటుంది.

సత్యం కంప్యూటర్స్ కేసు చూడండి. దాని అధిపతి రామలింగరాజు కంపెనీ లెక్కలు తప్పుగా చూపించానని 2009 జనవరి 7న తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న కేసులో శిక్ష పడటానికి 2015 ఏప్రిల్ దాకా పట్టింది. ఏడేళ్ళు శిక్ష వేశారు. మే నెలలో శిక్ష అమలు ఆగింది, బెయిలొచ్చింది. విచారణ ఖైదీగా ఆయన రెండున్నరేళ్ళ దాకా జైల్లో ఉన్న మాట నిజం, అది కాదనను. ఒప్పుకోని కేసుల సంగతి మీరే ఊహించుకోండి.

పొదుపు సంఘం లీడర్ (నరసన్నపేట)

కోర్టు దాకా వెళ్ళేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా ఆడవాళ్ళకు అంతదాకా పోనక్కర్లేదు సార్. మైక్రోఫైనాన్స్ వాళ్ళు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంటే చాలు, ఆ రోజు పొయ్యి వెలగదు. ఇళ్ళ మీదకు రాకూడదు, పంచాయతీ ఆఫీసు దగ్గరే వసూలు చేసుకోవాలని 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది ఎందుకు? అప్పటికే ప్రాణాలు పోయాయి కాబట్టి. మా సంఘంలో ఒకామె కిస్తీ తప్పితే మిగతావాళ్ళం తలా కొంచెం వేసి కడతాం. కంపెనీ డైరెక్టరు కట్టకపోతే పక్క డైరెక్టరు తన ఇంట్లోంచి తెచ్చి కడతాడా?

ఉద్దానం అబ్బాయి (పలాస)

అమ్మా, సరిగ్గా చెప్పారు.

ఫీల్డాఫీసరు గారూ, మనిషి దొరకడు కాబట్టి డబ్బు తీసుకుందామంటున్నారు. అంటే పారిపోయినవాడికి బేరమాడే బలం ఉంది. ఊళ్ళోనే ఉండి ప్రతి వాయిదాకూ పని మానుకుని వెళ్ళేవాడికి లేదు. ఇది మీకు సబబుగా ఉందా?

రిటైర్డ్ ఫీల్డాఫీసరు (బొబ్బిలి)

సబబని అనడం లేదు. ఉద్దేశపూర్వక ఎగవేతదారులతో, మోసం ఖాతాలతో బ్యాంకులు రాజీ చేసుకోవచ్చని 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ఇస్తే వ్యతిరేకించింది మా ఉద్యోగ సంఘాలే. క్రిమినల్ కేసులు వాటి దారిన అవి నడుస్తాయని అందులో రాశారు. ఆ మాట నిలబెడితేనే రాజీకి అర్థం. 2014-15 నుంచి తొమ్మిదేళ్ళలో బ్యాంకులు 14.56 లక్షల కోట్లు రైటాఫ్ చేశాయని 2023లో పార్లమెంటులో చెప్పారు. అందులో 7.40 లక్షల కోట్లు పెద్ద పరిశ్రమలవి, పెద్ద సేవా సంస్థలవి. రైటాఫ్ అంటే రాని బాకీని బ్యాంకు లెక్కల్లోంచి తీసెయ్యడం; మాఫీ కాదు, వసూలు ప్రయత్నం సాగుతుంది. కానీ ఆ తొమ్మిదేళ్ళలో రైటాఫ్ ఖాతాల నుంచి వసూలైంది రెండు లక్షల కోట్ల పైచిలుకే.

అయినా 138 సెక్షన్‌ను పలుచన చెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. పలాస నుంచి పప్పు హైదరాబాద్ వెళ్తుంది. అక్కడి వ్యాపారి చెక్కు బౌన్సయితే మీ చిన్నాన్న లాంటివాళ్ళకు ఉన్న ఆయుధం ఆ సెక్షనొక్కటే.

ఉద్దానం అబ్బాయి (పలాస)

అది నిజమే సార్. సెక్షన్ తీసెయ్యమని నేనూ అడగను. చెక్కు మీద తొమ్మిది లక్షలు రాసుకున్నవాడు ఆ తొమ్మిది లక్షలు ఎప్పుడు, ఎలా ఇచ్చాడో ముందు లెక్క చూపించాలి. అటు వేల కోట్ల కేసుల్లో డబ్బు తిరిగి కట్టినా విచారణ ఆగకూడదు, కట్టినందుకు కావాలంటే శిక్ష తగ్గించుకోమనండి. ఈ రెండూ ఒకే చట్టసభ చెయ్యగలిగిన పనులు.

వకీలు గారూ, సందేసరాల ఉత్తర్వును మా కేసులో చూపించొచ్చా?

విజయనగరం వకీలు

కుదరదు బాబూ. దాన్ని ఇంకే కేసులోనూ ఉదాహరణగా తీసుకోకూడదని ఆ ఉత్తర్వులోనే ఉంది.

మీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. మధ్యంతర పరిహారం తప్పనిసరి కాదు, కేసు బలం చూసి జడ్జి నిర్ణయించాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిది లక్షలు ఇచ్చే స్తోమత ఆ ఫైనాన్స్ ఆయనకు ఆనాడు ఉందా అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగొచ్చు, ఇన్‌కంటాక్స్ రిటర్నులు తెమ్మనొచ్చు. అనుమానం కలిగేంత చూపిస్తే చాలు, పూర్తిగా రుజువు చెయ్యక్కర్లేదు. వడ్డీ కట్టిన నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, చేత్తో రాసిన చీటీలుంటే అవి, తిత్లీ నష్టం రాసుకున్నప్పటి కాగితాలు, అన్నీ తీసుకుని మీ లాయరు గారి దగ్గరకు వచ్చే వాయిదా లోపే వెళ్ళండి. సాక్షి క్రాస్ అయిపోయాక వెళ్తే లాభముండదు.