హైదరాబాదులో పుట్టిన మనవరాలికి అమెరికా అధ్యక్ష పదవికి అర్హత ఉంటుందా?

ప్రశ్న (తార్నాక నుంచి): మా అబ్బాయి కొడుకు 2014లో డాలస్‌లో పుట్టాడు; అప్పటికి తల్లిదండ్రులిద్దరూ హెచ్‌-1బి వీసాపైనే ఉన్నారు. మా అమ్మాయి అమెరికా పౌరసత్వం తీసుకున్న తరువాత పురిటికి మా ఇంటికి వచ్చింది, పాప ఇక్కడే పుట్టింది. జన్మతః పౌరులైనవారే అధ్యక్షులు కావాలని అక్కడి రాజ్యాంగం అంటున్నప్పుడు, ఈ ఇద్దరిలో ఎవరికి ఆ అర్హత ఉన్నట్టు? పెద్దలు వివరించగలరు.

మొదటి జవాబు: నమస్కారమండీ. మీ మనవడి విషయంలో సందేహం అక్కర్లేదు. 1868 నాటి అమెరికా రాజ్యాంగ 14వ సవరణ, 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ (చైనా దంపతులకు అక్కడ పుట్టినవాడు) కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అక్కడి నేలమీద పుట్టిన బిడ్డకు పౌరసత్వాన్ని ఖాయం చేశాయి. మనవరాలికి మాత్రం అర్హత లేదనే నా అభిప్రాయం. అధ్యక్షుడి చేతిలో ఉండే సైన్యాధిపత్యం జన్మతః పౌరుడికే దక్కాలని 1787లో, రాజ్యాంగ రచన వేళ, అప్పటి నాయకుల్లో ఒకరైన జాన్ జే ఆ రచనా సభ అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు లేఖ రాశారు. పరాయి దేశంలో పుట్టినవారిని దూరంగా ఉంచడమే ఆ నిబంధన ఉద్దేశం.

రెండవ జవాబు: పై మిత్రుల రెండో మాటతో నేను ఏకీభవించలేను. జే భయపడింది విదేశీయుల గురించి. తమ పౌరులకు పైదేశంలో పుట్టిన బిడ్డల గురించి కాదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడే, 1790లో, మొదటి కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చేసిన చట్టం అలాంటి బిడ్డలను జన్మతః పౌరులుగానే పరిగణించాలని స్పష్టంగా చెప్పింది. 1795లో దాని స్థానంలో వచ్చిన చట్టం వారిని పౌరులంటూనే ‘జన్మతః’ అన్న మాటను వదిలేసింది, వివాదమంతా అక్కడే మిగిలింది. కెనడాలోని కాల్గరీలో అమెరికన్ తల్లికి పుట్టి, అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన సెనేటర్ టెడ్ క్రూజ్ అర్హుడేనని 2016లో పెన్సిల్వేనియా కోర్టు తేల్చింది. సుప్రీంకోర్టు నేరుగా తీర్పు చెప్పనంత మాత్రాన పాపకు అర్హత లేదనడం న్యాయం కాదు. పుట్టిన క్షణంలోనే పౌరసత్వం వచ్చిందా, తరువాత దరఖాస్తు పెట్టుకుంటే వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

మూడవ జవాబు: అయితే ఆ క్షణంలో వచ్చిందని రుజువు కావాలి కదండీ. అల్లుడుగారు అమెరికా పౌరులు కాకపోతే, ప్రసవానికి ముందు మీ అమ్మాయి మొత్తం 5 ఏళ్లు, అందులో తనకు 14 ఏళ్లు నిండాక కనీసం 2 ఏళ్లు, అక్కడ ఉండి ఉండాలి. మన రాజ్యాంగం 58వ అధికరణం రాష్ట్రపతికి పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత అడుగుతుంది గానీ పుట్టుకను అడగదు. నాకు అదే ఉదారంగా తోస్తుంది. అక్కడ వయసుతో పాటు 14 ఏళ్ల నివాసం కూడా ఉండాలి గనుక, పాపను ఇక్కడే పెంచినా తరువాత ఆ లెక్క పూర్తి చేసుకోవలసిందే. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో జనన నివేదిక (పైదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అమెరికా పౌరురాలని చూపే పత్రం) తీసుకోకపోయి ఉంటే, పాపకు 18 ఏళ్లు నిండేలోగా దరఖాస్తు చేయించండి.