ఎన్కాలో ‘కొబుషి’ (గొంతు మెలిక) మన గమకంలా అయిపోతోంది, ఎలా తగ్గించాలి?

జపాన్ ఎన్కా పాటలు హార్మోనియం మీద నేర్పుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఇషికావా సాయురి 1977 నాటి ‘త్సుగారు కైక్యో ఫుయుగెషికి’ లాంటి ప్రయాణ విరహ గీతాలు ఇవి. టోక్యోలోని ఉఎనో స్టేషన్ నుంచి రాత్రి రైల్లో అఒమొరి, అక్కణ్ణుంచి హొక్కైదో దీవికి పడవ. (1988లో సముద్రం కింద రైలు సొరంగం తెరిచాక ఆ రైల్వే పడవ సర్వీసు ఆగిపోయింది, పాట మాత్రం ఆగలేదు.)

ఈ తరహా పాటలకు ఎక్కువగా వాడేది మైనర్ యోనానుకి. ‘యో’ నాలుగు, ‘నా’ ఏడు, ఆ రెండూ తీసేసిన స్కేల్. ఎ మెట్టు షడ్జమం అనుకుంటే ఎ, బి, సి, ఇ, ఎఫ్: అన్నీ తెల్ల మెట్లే. మన లెక్కలో స రి₂ గ₂ ప ద₁. చిక్కంతా ఆ ధైవతం దగ్గరే. చెయ్యి అలవాటుగా ద₂ మీదికి, అంటే ఎఫ్ షార్ప్ మీదికి పోతే శివరంజని అయిపోతుంది. దిగులు అలాగే ఉంటుంది, ఊరు మారిపోతుంది.

రెండోది, కొబుషి అక్షరం చివర చటుక్కున తిరిగే చిన్న మెలిక. మన గొంతు గాంధారాన్ని ఊపేస్తుంది. దాన్ని విడిగా సాధన చేయించే పద్ధతి ఏమైనా ఉందా?

మూడోది, ‘రెన్‌రకుసెన్’ (అంటే ఆ పడవే) ఆరు మాత్రలు: రె, న్, ర, కు, సె, న్. ఆ ‘న్’ మీదే స్వరం నిలపాల్సి వచ్చినప్పుడు మనవాళ్లు ‘రె’ని సాగదీస్తారు. తెలుగు లిపిలో స్వరపరిచేటప్పుడు ఆ పొల్లును ఎలా గుర్తు పెడుతున్నారు?